శాకనూనెల పాలిమర్లు

శాకనూనెల పాలిమర్లు అనగా మొక్కల గింజలు, కాయల నుండి లభించే నూనెల అణువులను రసాయన చర్యల ద్వారా ఒకదానితో ఒకటి బంధించి తయారుచేసే ఘనపదార్థాలు. నిర్మాణరంగంలో వీటిని నేలపై పరిచే లినోలియం, తలుపులకు కిటికీలకు వేసే రంగులు, వార్నీషులు, లప్పం, వేడిని అడ్డుకొనే నురుగులు, కర్మాగారాల గచ్చుపూతలు, గొట్టాలు మొదలైన వాటిలో ఉపయోగిస్తారు. ముడిచమురు, సహజవాయువుల నుండి తయారయ్యే ప్లాస్టిక్కులకు బదులుగా ఏటా పండే పంట నుండి లభించడం వలన వీటిని పునరుత్పాదక పదార్థాలుగా పరిగణిస్తారు.

నూనె ఏ మొక్కకు చెందినది అనేదానికంటె దాని అణువులో ఏ రసాయన సమూహాలు ఉన్నాయి అనేదే ఆ నూనె కట్టడంలో ఎక్కడ పనికివస్తుందో నిర్ణయిస్తుంది. ఒక వస్తువు మొక్కల నుండి తయారైనదని చెప్పినంత మాత్రాన అందులో మొక్క భాగం ఎంత, మిగిలిన భాగం ఏమిటి అనేవి తెలియవు. ఈ రెండు విషయాలు తెలిస్తేనే ఇటువంటి పదార్థాల గుణదోషాలను సరిగా అంచనా వేయవచ్చు.

నూనె అణువు నిర్మాణం

శాకనూనెలన్నీ ప్రధానంగా త్రైగ్లిసరైడులు. ఒక గ్లిసరాల్ అణువుకు మూడు కొవ్వు ఆమ్లాల గొలుసులు ఎస్టరు బంధాలతో అతుక్కొని త్రైగ్లిసరైడు ఏర్పడుతుంది. కొవ్వు ఆమ్లాలలో ద్విబంధాలు లేనివి సంతృప్త ఆమ్లాలు, ఉన్నవి అసంతృప్త ఆమ్లాలు. పాలిమరు తయారీకి అణువులో చర్యలో పాల్గొనగల తావులు ఉండాలి. చాలా నూనెలలో ఆ తావులు ద్విబంధాలే. కొబ్బరినూనెలో ద్విబంధాలు చాలా తక్కువ కనుక అది ఎంతకాలం గాలిలో ఉన్నా గట్టిపడదు. అవిసె నూనెను పలుచగా పూసి వదిలితే కొద్దిరోజులలో గట్టి పొరగా మారుతుంది.

నూనెలోని ద్విబంధాల పరిమాణాన్ని ఐయోడిన్ విలువతో తెలుపుతారు. 100 గ్రాముల నూనె ఎన్ని గ్రాముల ఐయోడిన్‌ను గ్రహిస్తుందో ఆ సంఖ్యే ఐయోడిన్ విలువ. నిర్మాణ పదార్థాలకు సంబంధించిన కొన్ని నూనెల వివరాలు ఈ క్రింది పట్టికలో ఉన్నాయి.

| నూనె | ప్రధాన కొవ్వు ఆమ్లం | ఐయోడిన్ విలువ | స్వభావం |
|---|---|---|---|
| అవిసె నూనె | లినోలెనిక్ ఆమ్లం | 170–200 | త్వరగా ఆరే నూనె |
| టంగ్ నూనె | ఎలియోస్టియరిక్ ఆమ్లం | 160–175 | త్వరగా ఆరే నూనె |
| సోయా నూనె | లినోలిక్ ఆమ్లం | 124–139 | పాక్షికంగా ఆరే నూనె |
| ఆముదం | రిసినోలిక్ ఆమ్లం | 82–90 | ఆరని నూనె |
| పామాయిల్ | పామిటిక్, ఒలిక్ ఆమ్లాలు | 50–55 | ఆరని నూనె |
| కొబ్బరినూనె | లారిక్ ఆమ్లం | 6–11 | ఆరని నూనె |

నూనె ఆరడమంటే అందులోని నీరు ఆవిరైపోవడం కాదు. గాలిలోని ఆక్సిజన్ ద్విబంధాల ప్రక్కనున్న కార్బన్‌లపై పనిచేసి, ఒక అణువుకు మరొక అణువుకు మధ్య అడ్డుబంధాలను ఏర్పరుస్తుంది. అందువలన ఆరుతున్న అవిసె నూనె పొర ఆక్సిజన్‌ను కలుపుకొని మొదట బరువు పెరుగుతుంది. ఈ చర్యను వేగపరచడానికి కోబాల్టు, మాంగనీసు వంటి లోహాల లవణాలను స్వల్పంగా కలుపుతారు. పూర్వం ఇందుకు సీసపు లవణాలను కూడా వాడేవారు.

పట్టికలో ఆముదం స్థానం ప్రత్యేకమైనది. ఐయోడిన్ విలువను బట్టి చూస్తే అది పాలిమరుకు పనికిరాని నూనెగా కనిపిస్తుంది. కాని ఆముదంలోని కొవ్వు ఆమ్లాలలో 85–90 శాతం వరకు ఉండే రిసినోలిక్ ఆమ్లంలో, ద్విబంధంతో పాటు 12వ కార్బన్ వద్ద ఒక హైడ్రాక్సిల్ సమూహం ఉంటుంది. ఇతర నూనెలలో కర్మాగారంలో కృత్రిమంగా చేర్చవలసిన ఈ సమూహం ఆముదంలో ప్రకృతి సిద్ధంగానే ఉంది.

చరిత్ర

ఆరే నూనెలను కట్టడాలలో వాడడం చాలా పాతది. చైనాలో టంగ్ నూనెను సున్నంతో కలిపి ఓడల పలకల సందులను పూడ్చేవారు. ఐరోపాలో సుద్దపొడిని అవిసె నూనెతో ముద్దగా కలిపి కిటికీ అద్దాలను చట్రాలలో బిగించేవారు. వడ్రంగులు వాడే నూనె లప్పం ఈ కోవకు చెందినదే. అయితే ఈ పనులన్నిటిలో నూనె పని జరిగే చోటనే నెమ్మదిగా గట్టిపడేది.

నూనెను ముందుగానే గట్టిపరచి, దానితో ఒక వస్తువును పారిశ్రామికంగా తయారుచేయడం ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ వాల్టన్‌తో మొదలైంది. రంగు డబ్బాలో నూనెపై ఏర్పడిన రబ్బరు వంటి మీగడను చూసి ఆయనకు ఈ ఆలోచన కలిగింది. వాల్టన్ 1860లో గట్టిపడిన అవిసె నూనెకు, 1863లో దానితో చేసే నేలపరుపుకు పేటెంటులు పొందాడు. అవిసెకు, నూనెకు లాటిన్ భాషలోని పేర్లయిన లినమ్, ఓలియమ్ పదాలను కలిపి ఆ నేలపరుపుకు లినోలియం అని పేరుపెట్టాడు. 1864లో లండనుకు సమీపాన ఉన్న స్టెయిన్స్‌లో దీని తయారీకి కంపెనీ ఏర్పడింది.

తొలి పద్ధతిలో వేడి గదులలో వేలాడదీసిన నూలుబట్టలపై అవిసె నూనెను పదేపదే పారించి, పొరపై పొర గట్టిపడేవరకు ఉంచేవారు. ఇందుకు నెలలు పట్టేది. పేటెంటు గడువు తీరిన తరువాత స్కాట్లండులోని కిర్కాల్డీ పట్టణానికి చెందిన నైర్న్ కంపెనీ కూడా లినోలియం పేరుతో నేలపరుపులను తయారుచేయగా, ఆ పేరు తమదేనని వాల్టన్ కంపెనీ న్యాయస్థానానికి వెళ్ళింది. ఆ పేరు అప్పటికే వస్తువుకు సాధారణ నామమైందని 1878లో తీర్పు వచ్చింది. ఆనాటి బ్రిటిషు పరిశ్రమకు భారతదేశపు అవిసె గింజలు, బెంగాలు జనపనార ముఖ్యమైన ముడిసరుకులు.

20వ శతాబ్దపు రెండవ భాగంలో పీవీసీ నేలపరుపులు చౌకగా రావడంతో లినోలియం వెనుకబడింది. అమెరికాలో ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ 1974లో దీని తయారీని నిలిపివేసింది. పర్యావరణ స్పృహ పెరిగిన 1980, 1990 దశకాలలో దీనికి మళ్ళీ గిరాకీ వచ్చింది. ఐరోపాలో దీని తయారీ నేటికీ కొనసాగుతున్నది.

ముఖ్యమైన రకాలు

లినోలియం

గట్టిపరచిన అవిసె నూనెను పైన్ చెట్ల జిగురు నుండి లభించే రోజిన్‌తో కలిపి ఉడికించగా ఏర్పడే ముద్దను లినోలియం సిమెంటు అంటారు. దీనికి ఇళ్ళు కట్టే సిమెంటుతో సంబంధం లేదు. ఈ ముద్దలో కర్ర పొడి, కార్కు చెట్టు బెరడు పొడి, సున్నపురాయి పొడి, రంగులు కలిపి, జనపనార బట్టపై రోలర్లతో ఒత్తుతారు. తరువాత ఎత్తైన వేడి గదులలో రెండుమూడు వారాలు వేలాడదీసి ఆరనిస్తారు. నూనె, రోజిన్, కర్ర, కార్కు, జనపనార అన్నీ మొక్కల నుండి వచ్చినవే కనుక లినోలియంలో మొక్కల భాగం ఎక్కువ. మిగిలినది ప్రధానంగా రాతిపొడి.

ఆల్కైడ్ రెజిన్లు

1920 దశకంలో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో రాయ్ కీన్లే నూనెల కొవ్వు ఆమ్లాలతో కూడిన పాలిఎస్టర్లను అభివృద్ధిచేసి, ఆల్కహాల్, ఆసిడ్ అనే పదాల కలయికతో ఆల్కైడ్ అని పేరుపెట్టాడు. నూనెను ముందుగా గ్లిసరాల్ లేదా పెంటాఎరిత్రిటాల్‌తో వేడిచేసి, తరువాత థాలిక్ అన్‌హైడ్రైడ్‌తో చర్య జరుపుతారు. రెజిన్‌లో నూనె 40 శాతం కంటె తక్కువైతే హ్రస్వ నూనె ఆల్కైడ్, 40–60 శాతమైతే మధ్యమ, అంతకు మించితే దీర్ఘ నూనె ఆల్కైడ్ అని విభజిస్తారు. బ్రష్షుతో వేసే ఇంటి రంగులలో దీర్ఘ నూనె ఆల్కైడ్ ఎక్కువ. తలుపులకు, కిటికీ ఊచలకు వేసే సింథటిక్ ఎనామిల్ రంగులు సాధారణంగా ఈ రకానివే. పేరులో సింథటిక్ అని ఉన్నా వీటిలో గణనీయమైన భాగం గింజల నూనె. పూర్తిగా ముడిచమురుపై ఆధారపడేవి అందులోని ద్రావకం, థాలిక్ అన్‌హైడ్రైడ్.

ఎపాక్సీకరణ చెందిన సోయా నూనె

సోయా నూనెలోని ద్విబంధాలపై హైడ్రోజన్ పెరాక్సైడ్, ఫార్మిక్ లేదా ఎసిటిక్ ఆమ్లాలతో చర్య జరిపితే అవి ఎపాక్సీ వలయాలుగా మారుతాయి. ఇలా తయారైన నూనెను పీవీసీని మెత్తబరచడానికి, వేడికి అది విచ్ఛిన్నం కాకుండా కాపాడడానికి కలుపుతారు. పీవీసీ నుండి వెలువడే హైడ్రోజన్ క్లోరైడును ఎపాక్సీ వలయాలు పట్టివేస్తాయి.

ఎపాక్సీ నూనెకు ఎక్రిలిక్ ఆమ్లాన్ని జతచేస్తే, గాజునార లేదా మొక్కల నారలతో కలిపి అచ్చు పోయడానికి వీలైన రెజిన్ తయారవుతుంది. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ఊల్ బృందం ఇటువంటి రెజిన్‌తో ఇళ్ళ పైకప్పులకు, దూలాలకు పనికివచ్చే మిశ్రమ పదార్థాలను తయారుచేసి పరీక్షించింది.

పాలీయురేథేన్లు

1937లో జర్మనీలో ఒట్టో బేయర్ కనుగొన్న పాలీయురేథేన్‌ను పాలీయాల్, ఐసోసయనేట్ అనే రెండు ద్రవాలను కలిపి తయారుచేస్తారు. పాలీయాల్ అనగా ఒకటి కంటె ఎక్కువ హైడ్రాక్సిల్ సమూహాలు గల పదార్థం. ఆముదం ఒక్కొక్క అణువుకు సగటున సుమారు 2.7 హైడ్రాక్సిల్ సమూహాలు కలిగి ఉండడం వలన దానిని నేరుగా పాలీయాల్‌గా వాడవచ్చు. ఆముదపు పాలీయురేథేన్‌కు సిమెంటు, ఇసుక కలిపి ఆహారశుద్ధి కర్మాగారాలలో, శీతల గిడ్డంగులలో మందమైన గచ్చు వేస్తారు.

సోయా నూనెకు మాత్రం ముందుగా ఎపాక్సీకరణ జరిపి, ఆ వలయాలను విప్పి హైడ్రాక్సిల్ సమూహాలను కల్పించాలి. కాన్సాస్‌లోని పిట్స్‌బర్గ్ స్టేట్ విశ్వవిద్యాలయంలో జోరన్ పెట్రోవిచ్ ఈ రంగంలో విస్తృతంగా పరిశోధించాడు. శాకనూనెల పాలీయాల్‌లకు గాను కార్గిల్ కంపెనీకి 2007లో అమెరికా అధ్యక్షుని హరిత రసాయన పురస్కారం లభించింది.

నైలాన్-11

ఆముదాన్ని మిథైల్ ఎస్టరుగా మార్చి, అధిక ఉష్ణోగ్రత వద్ద విడగొట్టి, 11 కార్బన్‌ల అమైనో ఆమ్లాన్ని తయారుచేస్తారు. దాని పాలిమరే నైలాన్-11. ఫ్రాన్సులో దీని పారిశ్రామిక ఉత్పత్తి 1955లో మొదలైంది. ఉక్కు గొట్టాలపై పూతగాను, సహజవాయు పంపిణీ గొట్టాలుగాను దీనిని వాడుతారు. ఇందులోని కార్బన్ అంతా ఆముదం నుండే వస్తుంది.

జీడిపిక్క పెంకు నూనె

జీడిపిక్క పెంకులోని నూనె త్రైగ్లిసరైడు కాదు. అందులో ప్రధానమైనది అనకార్డిక్ ఆమ్లం. దానిని వేడిచేస్తే కార్బన్ డయాక్సైడును కోల్పోయి కార్డనాల్‌గా మారుతుంది. 15 కార్బన్‌ల పొడవైన గొలుసు కలిగిన ఫినాల్ కార్డనాల్. దీనిని ఫార్మాల్డిహైడ్‌తో కలిపి రెజిన్లు, అమైన్‌లతో కలిపి ఎపాక్సీ పూతలను గట్టిపరచే పదార్థాలు తయారుచేస్తారు. ఇవి చలిలోను, తేమ ఉన్న ఉపరితలాలపైన కూడా గట్టిపడడం వలన ఓడలకు, కాంక్రీటు గచ్చులకు అనుకూలం. పప్పును వేరుచేయగా మిగిలే పెంకు నుండి లభించడం వలన ఈ నూనెకు వేరుగా పంటభూమి అవసరం లేదు. అయితే ఇది చర్మానికి తగిలితే బొబ్బలు ఎక్కుతాయి. జీడిపిక్కలను చేతితో ఒలిచే కార్మికులకు ఇది చిరకాలపు సమస్య.

పరిమితులు

మెత్తదనం: కొవ్వు ఆమ్లాల గొలుసులు పొడవైనవి, వంగే స్వభావం కలవి. అందువలన నూనె ఒక్కదానితో చేసిన పాలిమరు సాధారణంగా మెత్తగా ఉంటుంది. బరువు మోసే భాగాలకు దానిని వాడాలంటే స్టైరీన్ వంటి గట్టి రసాయనాన్నో, రోజిన్‌నో, నారనో, రాతిపొడినో చేర్చాలి. చేర్చిన పదార్థాన్ని బట్టి వస్తువు పునరుత్పాదక స్వభావం మారుతుంది.

క్షారాలు: కొత్త సిమెంటు పూతలోని తేమ తీవ్రమైన క్షారం. దాని పీహెచ్ 12 నుండి 13 వరకు ఉంటుంది. నూనె ఎస్టరు బంధాలను క్షారం విడగొట్టి సబ్బుగా మారుస్తుంది. సబ్బు తయారీలో కోరి జరిపే చర్యే ఇక్కడ గోడపై అవాంఛితంగా జరుగుతుంది. ఆరని సిమెంటు గోడపై ఎనామిల్ రంగు వేస్తే అది జిగటగా మారి, పొక్కి ఊడిపోవడానికి కారణం ఇదే. గోడను పూర్తిగా ఆరనిచ్చి, క్షారాన్ని తట్టుకొనే ప్రైమరు వేసిన తరువాతనే ఇటువంటి రంగులు వాడాలి. లినోలియం నేలను సోడా వంటి క్షారాలతో కడగరాదనడానికి కూడా కారణం ఇదే.

అగ్నిప్రమాదం: ఆరే నూనె ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు వేడి విడుదలవుతుంది. పలుచని పూతలో ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. నూనెలో తడిసిన గుడ్డ పేలికలను కుప్పగా పడవేస్తే వేడి లోపలే నిలిచి, నిప్పు తగలకుండానే మంట పుడుతుంది. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలోని 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజా భవనంలో 22వ అంతస్తున ఇలాగే మంటలు పుట్టాయి. ఆ ప్రమాదంలో ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది మరణించారు. 30వ అంతస్తులోని నీటి స్ప్రింక్లర్లు మంటలను ఆపగలిగాయి. తరువాత ఆ భవనాన్ని కూల్చివేశారు. ఇటువంటి గుడ్డలను విడివిడిగా పరచి ఆరబెట్టడం, లేదా నీటిలో ముంచి మూత గల లోహపు డబ్బాలో ఉంచడం క్షేమం.

లోహాలు: పూర్వపు నూనె రంగులలో సీసం ఎక్కువగా ఉండేది. భారత ప్రభుత్వం 2016లో జారీచేసిన నిబంధనల ప్రకారం ఇంటి రంగులలో సీసం 90 పీపీఎంకు మించరాదు. ఈ పరిమితి 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. పాత ఇళ్ళ తలుపుల రంగును పొడిగా గీకడం వలన సీసపు ధూళి పిల్లల శరీరంలోకి చేరే ప్రమాదముంది.

ఐసోసయనేట్లు: పాలీయాల్ మొక్క నుండి వచ్చినా, ఐసోసయనేట్ సాధారణంగా ముడిచమురు నుండే వస్తుంది. దాని ఆవిరి, తుంపర్లు పీల్చిన పనివారికి ఉబ్బసం రావచ్చు. 1984లో భోపాల్‌లో వెలువడిన మిథైల్ ఐసోసయనేట్ ఈ కుటుంబానికి చెందినదే అయినా, నురుగులలో ఎక్కువగా వాడే ఎండీఐ అంత తేలికగా ఆవిరికాదు. అయినా నురుగును చల్లేటప్పుడు రక్షణ తొడుగులు తప్పనిసరి. నూనెకు కార్బన్ డయాక్సైడును చేర్చి, అమైన్‌లతో చర్య జరిపి ఐసోసయనేట్ లేకుండానే పాలీయురేథేన్‌ను తయారుచేసే పద్ధతులపై పరిశోధనలు జరుగుతున్నాయి.

మొక్క భాగాన్ని లెక్కించడం

ఒక నురుగులో పాలీయాల్ 40 శాతం, అందులో సగం మాత్రమే సోయా నుండి వచ్చినదనుకుంటే, మొత్తం నురుగులో మొక్క భాగం 20 శాతమే అవుతుంది. కనుక వస్తువు పేరును కాక ఈ నిష్పత్తిని చూడాలి.

దీనిని ప్రయోగశాలలో నిర్ధారించే మార్గం ఉంది. జీవించి ఉన్న మొక్క గాలి నుండి కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్‌ను స్వల్పంగా గ్రహిస్తుంది. దీని అర్ధజీవితకాలం సుమారు 5,730 సంవత్సరాలు. కోట్ల సంవత్సరాలు భూమిలో ఉన్న ముడిచమురులో ఇది పూర్తిగా నశించిపోయి ఉంటుంది. అందువలన వస్తువులోని కార్బన్-14ను కొలిస్తే అందులోని కార్బన్‌లో ఎంత భాగం ఇటీవలి పంట నుండి వచ్చినదో తెలుస్తుంది. ఏఎస్‌టీఎం డీ6866 అనే ప్రమాణం ఈ సూత్రంపై ఆధారపడినదే. అయితే ఈ పరీక్ష కార్బన్ మూలాన్ని మాత్రమే చెబుతుంది. పంటకు వాడిన ఎరువులు, నీరు, విద్యుత్తు, లేదా పంట కోసం నరికిన అడవి సంగతి చెప్పదు.

పునరుత్పాదకత, జీర్ణశీలత ఒకటి కావు. లినోలియం నేలలో క్రమంగా కుళ్ళిపోతుంది. నైలాన్-11 పూర్తిగా ఆముదం నుండి వచ్చినా తేలికగా కుళ్ళదు. గొట్టానికి అదే సుగుణం, చెత్తకుప్పలో అదే దోషం.

ఆహారం, పంటభూమి

భారతదేశం తన వంటనూనెల అవసరాలలో సగానికి పైగా దిగుమతులపై ఆధారపడుతున్నది. ఈ పరిస్థితిలో సోయా, పామాయిల్ వంటి వంటనూనెలను పాలిమర్లకు మళ్ళిస్తే వంటింటి ఖర్చుపై భారం పడుతుంది. సోయా విస్తారంగా పండే అమెరికాకు అనుకూలమైన మార్గం భారతదేశానికి కూడా అనుకూలమని చెప్పలేము. వంటకు వాడని ఆముదం, జీడిపిక్క పెంకు నూనె ఇక్కడ మరింత యోగ్యమైన ముడిపదార్థాలు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో

ప్రపంచంలో పండే ఆముదపు గింజలలో అత్యధిక భాగం భారతదేశానిదే. గుజరాత్ మొదటి స్థానంలో ఉంది. తెలంగాణలో పూర్వపు మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల చలక నేలలలో ఆముదం చాలాకాలంగా వర్షాధారపు పంట. గుజరాత్‌లో నీటి వసతితో పండించడం వలన దిగుబడి చాలా ఎక్కువ. తెలంగాణలో వర్షాభావంతో పాటు దాసరి పురుగు, గెలలకు పట్టే బూజు తెగులు పంటను దెబ్బతీస్తాయి. ప్రత్తి విస్తరించడంతో ఆముదపు విస్తీర్ణం తగ్గింది. పాలెం వ్యవసాయ పరిశోధనా స్థానం నుండి క్రాంతి, హరిత వంటి ఆముదపు రకాలు వెలువడ్డాయి. 1977లో హైదరాబాదులో ఏర్పడిన నూనెగింజల పరిశోధనా సంచాలకత్వం తరువాత భారతీయ నూనెగింజల పరిశోధనా సంస్థగా మారింది. నూనెల నుండి పూతలు, పాలీయాల్‌ల తయారీపై హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో పరిశోధనలు జరిగాయి.

శ్రీకాకుళం జిల్లాలోని పలాస-కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమకు ప్రసిద్ధి. అటువంటి కేంద్రాలలో పప్పు తీయగా మిగిలే పెంకును నూనెకు వినియోగిస్తే వ్యర్థపదార్థం విలువైన ముడిసరుకు అవుతుంది. ఆముదం విషయంలో కూడా గింజను లేదా నూనెను అమ్మడం కంటె పాలీయాల్, రెజిన్లుగా మార్చి అమ్మడంలో విలువ ఎక్కువ. నూనె తీసిన తరువాత మిగిలే ఆముదపు పిండిలో రిసిన్ అనే విషపదార్థం ఉండడం వలన దానిని పశువులకు నేరుగా మేపరాదు. ఎరువుగా వాడవచ్చు.

ఇవి కూడా చూడండి

ఆముదం
అవిసె నూనె
సోయా నూనె
జీడి మామిడి
కొవ్వు ఆమ్లాలు
ఐయోడిన్ విలువ
పాలిమర్